డాక్టరు టెన్షన్ తగ్గించుకోమన్నారు, ఎలాగో చెప్పలేదు

నెలాఖరు | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. వయసు నలభై ఒకటి, బ్యాంకు ఉద్యోగం. ఏ బ్యాంకు, ఏ ఊరు అని మాత్రం అడగొద్దు. మెడ నొప్పి, కడుపులో మంట అని మొన్న క్లినిక్‌కి వెళితే బీపీ 158/96 ఉందన్నారు. డాక్టరు గారు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే "టెన్షన్ తగ్గించుకోవాలండీ" అన్నారు. అలాగేనండీ అని వచ్చేశాను. ఇంతకీ ఏం తగ్గించుకోవాలి?

పొద్దున ఎనిమిదిన్నరకి రివ్యూ కాల్. వాట్సాప్ గ్రూపులో బ్రాంచీల ర్యాంకులు పెడతారు, అడుగున ఉన్న వాటికి ఎర్ర రంగు. ఇన్సూరెన్స్ పాలసీలు ఇన్ని చేయించాలి, మొండి బాకీలు ఇంత రాబట్టాలి. రాత్రి పదింటికి కూడా "అప్‌డేట్ ప్లీజ్" అని మెసేజ్. మూడింటికి మెలకువ వస్తే ఇక అప్పటి నుంచి తెల్లారేదాకా లెక్కలే. మా ఆవిడ యోగా చేయమంటుంది. మా నాన్న "ఉద్యోగమన్నాక ఆ మాత్రం ఉండదా" అంటారు. మీలో ఎవరికైనా నిజంగా తగ్గిందా? ఏం చేస్తే తగ్గింది?

స్టాఫ్‌నర్స్ అక్క | సోమవారం, రాత్రి 11:05

తమ్ముడూ, ఆ 158ని చూసి హడలిపోకు, అలాగని కొట్టిపారెయ్యకు. క్లినిక్‌లో చూస్తే పెరిగి, ఇంట్లో చూస్తే మామూలుగా ఉండేవాళ్ళు చాలామంది. తెల్లకోటు బీపీ అంటారు. నిజం తెలియాలంటే ఇంట్లో చూసుకోవాలి, అదీ పద్ధతిగా.

అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్ళి రా. కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టు. పట్టీ చొక్కా మీద కట్టకూడదు. మిషన్ కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడు. పొద్దున, సాయంత్రం, వారం రోజులు రాసిపెట్టు. మొదటి రోజువి తీసేసి మిగతా వాటి సగటు చూడు. అది 135/85 దాటితే టెన్షన్ సంగతి తర్వాత, ముందు బీపీ సంగతి చూడాలి.

ముప్పై ఏళ్ళు వార్డుల్లో చేశాను. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషిని కూర్చోబెట్టకుండానే పట్టీ చుట్టేయడం నేను చూడనిది కాదు.

డల్లాస్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:15

అంతా మన మనసులోనే ఉందండీ. పాజిటివ్‌గా ఆలోచించడం అలవాటు చేసుకోవాలి. నేను రోజూ నాలుగున్నరకి లేచి గంటసేపు ధ్యానం చేస్తాను. మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, మనమే వదిలేశాం.

ఓరుగల్లు పిల్ల | మంగళవారం, ఉదయం 6:50

బాబాయ్ గారూ, ఆ గంట ఎక్కడ దొరుకుతదో కూడా చెప్పండి, నేనూ తెచ్చుకుంటా.

నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. ఐదింటికి లేస్తే మూడు టిఫిన్ బాక్సులు. చిన్నోడికి ఉల్లిగడ్డ కనపడొద్దు, అత్తమ్మకి ఉప్పు తక్కువ. ఏడున్నరకి ఆటో హారన్. ఒక సాక్స్ దొరకదు. స్కూలుకు పోతే యాప్‌ల హాజరు, ఏదో ఒక సర్వే, మధ్యాహ్న భోజనం లెక్క. పాఠం చెప్పేది చివరికి. అయితే నన్ను అలసగొట్టేది ఈ పనులు కాదు, గుర్తు పెట్టుకునుడు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, ఎవరి మాత్ర ఎప్పుడు అయిపోతది, ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు, అన్నీ నా తలకాయలోనే. మా ఆయన మంచోడే, "ఏమన్నా సాయం చేయనా" అని అడుగుతడు. ఏం సాయం కావాలో ఆలోచించి చెప్పే పని మళ్ళీ నాదే.

నాకు తగ్గింది ఎట్లంటే, గ్యాస్, కరెంటు బిల్లు, అత్తమ్మ మందులు పూర్తిగా ఆయనకు ఇచ్చేసిన. గుర్తు చేసుడు కూడా బంద్. ఒకసారి గ్యాస్ అయిపోయింది, ఆ పూట హోటల్ నుంచి తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఎప్పుడూ అయిపోలేదు.

సైన్సు మాస్టారు | మంగళవారం, ఉదయం 9:30

అమ్మాయి చెప్పింది నిజం. బాబాయ్ గారి ధ్యానాన్ని నేను తప్పుపట్టను గానీ, "అంతా మనసులోనే" అంటే ఒప్పుకోను. చాలావరకు ఒంట్లో జరిగే వ్యవహారం ఇది.

భయపడగానే మూత్రపిండాల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, లివర్ దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. వెనకాలే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. పాము కనిపించినప్పుడు పరుగెత్తడానికి ఇదంతా కావాలి. పరుగెత్తాక ఖర్చయిపోతుంది. మన నెలాఖరు గారు రివ్యూ కాల్‌లో కుర్చీ కదలకుండా "ఎస్ సర్" అంటున్నారు కాబట్టి ఆ చక్కెర, ఆ బీపీ ఎక్కడికీ పోవు. అవి దిగేలోపు ఇంకో మెసేజ్ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు తిండి మార్చకపోయినా ఇలాంటి రోజుల్లో రీడింగ్ పెరిగిందని అంటుంటారు, అందుకే.

1936లో మాంట్రియల్‌లో హన్స్ సెల్యే ఎలుకల మీద ఇది చూశారు. కొత్త హార్మోన్ ఏదో దొరుకుతుందని ఎలుకలకు అండాశయాల నుంచి తీసిన సారం ఎక్కించారు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కుదించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. ఆహా అనుకున్నారు. తీరా ఫార్మలిన్ అనే ఘాటైన రసాయనం ఎక్కించినా అదే ఫలితం! కొత్త హార్మోనేమీ లేదు, ఏ రకంగా బాధపెట్టినా ఒళ్ళు ఒకే తీరున స్పందిస్తోందని అర్థమైంది.

మూడింటి మెలకువ గురించి: తెల్లవారుజామున నిద్ర ఎలాగూ పలచబడుతుంది, కార్టిసాల్ కూడా పెరగడం మొదలవుతుంది. మెలకువ రావడం జబ్బు కాదు. గడియారం చూసి "ఇంకా మూడు గంటలే" అని లెక్క మొదలుపెట్టడంతోనే వస్తుంది చిక్కంతా. గడియారం కనపడకుండా పెట్టండి. ఎంతకీ నిద్ర పట్టకపోతే లేచి, చిన్న దీపం వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పుస్తకం చదవండి. నిద్ర వచ్చాకే మంచం ఎక్కండి. ఫోన్ జోలికి పోవద్దు.

నెలాఖరు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, అయితే నా కడుపు మంట కూడా టెన్షన్ అల్సరేనా?

ఊరి డాక్టరు | మంగళవారం, రాత్రి 8:45

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను.

టెన్షన్ వల్లే అల్సర్ అని చాలా ఏళ్ళు మేమూ అనుకున్నాం. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా దీనికి కారణమని తేల్చారు. మార్షల్ ఆ బాక్టీరియాను తనే తాగి చూశారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్లకు ముఖ్య కారణాలు ఆ బాక్టీరియా, ఇంకొకటి ఒళ్ళు నొప్పులకని మెడికల్ షాపులో కొనే బిళ్ళలు. టెన్షన్ మంటను పెంచగలదు గానీ అన్నీ దాని నెత్తిన రుద్దకూడదు. నెలాఖరు గారూ, మెడ నొప్పికి ఏం వేసుకుంటున్నారు? పరగడుపున పెయిన్ కిల్లర్ వేసుకుంటుంటే ముందు అది ఆపి డాక్టరుకు చెప్పండి. మలం నల్లగా వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి. మన వాళ్ళు గుండెనొప్పిని "గ్యాస్" అనో "టెన్షన్" అనో సోడా తాగి పడుకుంటారు. ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉండి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో లాగుతుంటే 108కి ఫోన్ చేయండి. ఈసీజీలో ఏమీ లేదని తేలితే తర్వాత నవ్వుకోవచ్చు. గుండె దడదడలాడి ప్రాణం పోతుందేమో అనిపించి, కాసేపటికి తగ్గిపోయేది పానిక్ ఎటాక్ కావచ్చు. అది కూడా మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని మీరే తేల్చేయకండి. దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ కూడా చూడాలి.

నైట్‌షిఫ్ట్ నాని | బుధవారం, ఉదయం 5:20

ఇప్పుడే క్యాబ్ దిగాను. మాదాపూర్‌లో సపోర్ట్ ఉద్యోగం, అమెరికా టైమింగ్స్.

షిఫ్టులో టైమ్ తెలియదు, కాఫీ మిషన్ పక్కనే. రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. ఇంటికొచ్చి పడుకుంటే కళ్ళు మూతపడవు. కాఫీ తాగిన ఐదారు గంటలకి కూడా కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుందట. ఇది తెలిశాక ఒంటిగంట తర్వాత కాఫీ మానేశాను. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ వేశాం, కాలింగ్ బెల్ తీసేశాం. ఇంటి ఓనర్ ఆంటీకి చెప్పాల్సి వచ్చింది, "పగలు పడుకునేవాడు సోమరి కాదండీ" అని. ఆమె ఇంకా నమ్మలేదు అనుకోండి.

మా టీమ్‌లో కొందరు వీకెండ్ రెండు పెగ్గులేస్తే టెన్షన్ ఎగిరిపోతుందంటారు. పడుకోగానే నిద్ర వస్తుంది నిజమే, రాత్రి రెండో సగం ముక్కలు ముక్కలవుతుంది. మర్నాడు ఇంకా చిరాకు. డాక్టరు గారూ, అశ్వగంధ గమ్మీలు అని అమ్ముతున్నారు, వాడొచ్చా? పక్క సీటు అన్నయ్య టెన్షన్‌కీ నిద్రకీ ఆల్ప్రాజోలమ్ అనే మాత్ర వాడుతున్నాడు, ఒకటి ఇస్తానన్నాడు.

ఊరి డాక్టరు | బుధవారం, మధ్యాహ్నం 1:30

నానీ, ఆ అన్నయ్య దగ్గర ఒక్కటి కూడా తీసుకోవద్దు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. మొదట హాయిగా ఉంటుంది, కొన్నాళ్ళకి అది లేకపోతే నిద్ర రాదు. వారాల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు దొరకనప్పుడు మనుషులు వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు వచ్చేది దీనివల్లే. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలమ్, డయజెపామ్ లాంటివే. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

అశ్వగంధ మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఏమీ చేయదనుకోవద్దు. అరుదుగా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, థైరాయిడ్ హార్మోన్ల మీద కూడా పనిచేస్తుంది. థైరాయిడ్ మందు వాడేవాళ్ళు, గర్భిణులు దూరంగా ఉండాలి.

మిర్చి రైతు | బుధవారం, రాత్రి 9:15

అందరూ బాగా చదువుకున్నవాళ్ళు మాట్లాడుతున్నారు, నేనూ ఒక మాట అంటాను. మాది పల్నాడు. సొంతం ఎకరం, మిగతాది కౌలు. 2021లో నల్ల తామర పురుగు పడి పూత మొత్తం రాలిపోయింది. మందులు కొట్టి కొట్టి అప్పు మిగిలింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. తర్వాత పంట వచ్చిన ఏడు రేటు లేదు. నాకూ రాత్రి నిద్ర లేదు. ఊపిరి పీల్చి వదిలితే వడ్డీ తగ్గుతుందా? నడక అంటారా, నేను రోజంతా చేలోనే తిరుగుతాను.

సైన్సు మాస్టారు | బుధవారం, రాత్రి 9:50

తగ్గదయ్యా. నీ ముందు ప్రాణాయామం గురించి మాట్లాడితే అది నా తెలివితక్కువే అవుతుంది. వడ్డీ సంగతి వడ్డీగానే చూడాలి. ఇక్కడ బ్యాంకు మనిషి ఉన్నాడు కదా, ఏమయ్యా నెలాఖరూ?

నెలాఖరు | బుధవారం, రాత్రి 10:30

రైతు గారూ, నూటికి మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. ఏ పంటా అంత వడ్డీని మోయలేదు. మీ ఎకరం మీద కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా? పంట రుణం మూడు లక్షల వరకు వడ్డీ ఏడు శాతం, గడువులోపు కడితే మూడు శాతం వెనక్కి వస్తుంది, అంటే నాలుగే పడుతుంది. ఎకరానికి ఎంత ఇవ్వాలన్నది ఆ పంటకు నిర్ణయించిన రుణ పరిమితిని బట్టి ఉంటుంది. మిర్చికి కాస్త ఎక్కువే ఉంటుంది.

కౌలు భూమికి చిక్కేమిటంటే ఆంధ్రలో పంట సాగుదారు హక్కుల కార్డు కావాలి, దానికి భూమి యజమాని సంతకం కావాలి. చాలామంది పెట్టరు, భూమి పోతుందని భయం. పదకొండు నెలల ఒప్పందమే అది, హక్కులేవీ పోవు అని ఊళ్ళో పెద్దమనిషి ఎవరితోనైనా చెప్పించండి. కుదరకపోతే మీలాంటి కౌలు రైతులు నలుగురైదుగురు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపు కట్టొచ్చు, ఒకరికొకరు హామీ. బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసర్‌ను అడగండి. నెల మధ్యలో వెళ్ళండి. ఆఖరి వారంలో వెళితే ఏ బ్యాంకులోనూ మీ మొహం చూసేవాడుండడు, నా మాట నమ్మండి.

మిర్చి రైతు | బుధవారం, రాత్రి 10:55

యజమాని గుంటూరులో ఉంటాడు. వాళ్ళ తమ్ముడు ఊళ్ళోనే, అతనితో అడిగిస్తాను. కిసాన్ కార్డు మా నాన్న పేరు మీద ఉండేది, పోయాక నేను మార్పించుకోలేదు.

నెలాఖరు | బుధవారం, రాత్రి 11:00

ముందు అదే మార్పించుకోండి. పట్టాదారు పాస్‌బుక్ మీ పేరు మీదికి వచ్చిందా చూసుకోండి. నాన్నగారి పేరు మీద పాత బాకీ ఉంటే అదీ తెలుస్తుంది.

స్టాఫ్‌నర్స్ అక్క | గురువారం, ఉదయం 7:30

రైతు తమ్ముడూ, ఒకటి సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకు. ఎప్పుడైనా బతకడం ఎందుకులే అనిపిస్తోందా? అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. పుట్టదు. అనిపిస్తే ఇంట్లో ఒక్కరికైనా చెప్పు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా చూడమని చెప్పు. 14416 అని టెలిమానస్ నంబరు ఉంది, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. ఈ మాట అందరికీ చెబుతున్నాను, నీకొక్కడికే కాదు.

మిర్చి రైతు | గురువారం, మధ్యాహ్నం 12:40

అంత దూరం పోలేదక్కా. పోయిన సంక్రాంతికి ఒకసారి అనిపించింది, మా ఆవిడకి చెప్పాను. నంబరు ఫోన్‌లో వేసుకున్నాను.

ఓరుగల్లు పిల్ల | గురువారం, సాయంత్రం 5:15

అన్నా, వదినెకు చెప్పి మంచిపని చేసినవ్. మా దిక్కు పత్తి రైతుల ఇండ్లల్ల ఆడవాళ్ళకు అప్పు ఎంతుందో కూడా తెల్వదు.

నెలాఖరు గారూ, ఆ రాత్రి మెసేజ్‌ల సంగతి ఏం చేసిండ్రు?

నెలాఖరు | గురువారం, రాత్రి 9:20

గ్రూపు మ్యూట్ చేయలేను, మర్నాడు "ఎందుకు చూడలేదు" అంటారు. నిన్న ధైర్యం చేసి పై ఆయన్ని అడిగాను, "సార్, రోజూ సాయంత్రం ఆరింటికి అన్ని లెక్కలూ ఒకేసారి పంపిస్తాను, తర్వాత అర్జెంట్ అయితే ఫోన్ చేయండి" అని. "చూద్దాం" అన్నారు. ఇవాళ ఆరింటికి పంపాను. తొమ్మిదింటి దాకా ఏమీ రాలేదు... అని టైప్ చేస్తుండగానే ఒకటి వచ్చింది. సరే, ఇంతకుముందు నాలుగు వచ్చేవి.

బ్యాంకు నుంచి ఇంటికి బండి మీద కాకుండా నడిచి వస్తున్నాను, పాతిక నిమిషాలు. మాస్టారు చెప్పిన ఆ చక్కెర కొంచెమైనా ఖర్చవుతుందని. పెయిన్ కిల్లర్ ఆపేశాను డాక్టరు గారూ, మంట సగం తగ్గింది. మీరు ఊహించింది నిజమే, రోజూ వేసుకునేవాణ్ణి.

బీపీ ఇంట్లో 140/88 అలా ఉంటోంది. వారం ఇంకా కాలేదు. మాత్ర మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారు, అదే భయం.

ఊరి డాక్టరు | శుక్రవారం, ఉదయం 8:10

వారం పూర్తవ్వనివ్వండి. ఆ సగటు అలాగే ఉంటే అది తెల్లకోటు బీపీ కాదు, నిజం బీపీయే, ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బీపీకి టెన్షన్ ఒక్కటే కారణం కాదు. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ తినే మన ఇళ్ళల్లో అది మజ్జిగన్నం దగ్గరికి వచ్చేసరికే దాటిపోతుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, నడక నిలబడితే కొందరికి డోసు తగ్గిస్తాం, కొందరికి ఆపుతాం కూడా. అది డాక్టరు చూసి చేయాల్సిన పని. జీవితాంతం వాడాలన్న భయంతో మాత్ర మానేసి పక్షవాతంతో వచ్చినవాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను.

డల్లాస్ బాబాయ్ | శుక్రవారం, ఉదయం 9:00

నేను అన్నది కొందరికి నచ్చలేదు, పర్లేదు. కానీ ఊపిరి కసరత్తు పనికిరాదంటే ఒప్పుకోను.

స్టాఫ్‌నర్స్ అక్క | శుక్రవారం, ఉదయం 9:25

పనికిరాదని ఎవరన్నారు బాబాయ్ గారూ! గంట అక్కర్లేదు అన్నాం, అంతే. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు ఊపిరులు. ఐదు నిమిషాలు చేస్తే గుండె వేగం తగ్గడం వేలికి పెట్టే మిషన్‌లో కళ్ళారా చూడొచ్చు. నెలాఖరు తమ్ముడు రివ్యూ కాల్‌లో వీడియో ఆన్‌లో ఉండగానే చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. అప్పటికప్పుడు దడ తగ్గించడానికి అది, అప్పుకీ ఉప్పుకీ మందు కాదు.

నెలాఖరు | శుక్రవారం, రాత్రి 10:05

ఇవాళ కాల్‌లో చేశాను. "ఏంటి నిద్రపోతున్నారా" అన్నారు. కళ్ళు మూసుకోకుండా చేయాలి కాబోలు.

అక్కా, ఇంకో సందేహం. మిషన్‌తో వచ్చిన పట్టీ నా చేతికి బిగుతుగా ఉంది, అంటుకోవడం లేదు. రీడింగ్ తేడా వస్తుందా?

స్టాఫ్‌నర్స్ అక్క | శుక్రవారం, రాత్రి 10:20

వస్తుంది, చిన్న పట్టీ అయితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా ఇచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టూ కొలువు. 32 దాటితే పెద్ద సైజు పట్టీ విడిగా దొరుకుతుంది, నీ మిషన్ కంపెనీదే అడిగి తీసుకో. ఇప్పటిదాకా రాసినవి పక్కనపెట్టి, ఆ పట్టీతో వారం మళ్ళీ మొదలుపెట్టు.